మందను కాసే కుక్క కన్ను మనమే కాయాలి

(రైతులు, గొర్రెల కాపరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మద్దతు ధర గురించి, కౌలు రైతుల గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను కుక్క కంటి గురించి మాట్లాడతానంటే వెనక కూర్చున్న తమ్ముళ్లు నవ్వుతున్నారు. నవ్వండి, పర్వాలేదు. కానీ ఇక్కడ కూర్చున్న కాపరులను అడగండి. రాత్రి తోడేలో, నక్కో, దొంగో మంద మీదికి వస్తే ముందు లేచేది ఎవరు? మక్క చేన్లోకి అడవి పందులు దిగితే ముందు ఉరికేది ఎవరు? మనం కప్పుకుని పడుకున్నప్పుడు చలిలో మేలుకుని ఉండేది ఎవరు? జీతం లేదు, సెలవు లేదు. మనం తిన్నాక మిగిలిన సంగటో, గట్కో దాని కూలి.

2019 పశుగణనలో మన తెలంగాణలో గొర్రెలు దాదాపు 190 లక్షలని తేలింది. దేశంలో మనదే మొదటి స్థానం. 176 లక్షలతో ఆంధ్రప్రదేశ్‌ది రెండో స్థానం. ఎండాకాలం వస్తే పాలమూరు వైపు నుంచి గొల్ల, కురుమ కాపరులు మందలను తోలుకుని నీళ్లున్న ఆయకట్టు ప్రాంతాలకు వెళ్తారు. కోతలైన పొలాల్లో మంద పెడతారు. రైతుకు ఎరువు, కాపరికి గింజలో, డబ్బులో. ఈ ఏర్పాటు తాతల నాటిది. ఈ మందల చుట్టూ తిరిగే కుక్క కూడా మన వ్యవసాయంలో భాగమే. అందుకే ఈ మాట రైతు సంఘం వేదిక మీద చెబుతున్నాను.

ఈ కుక్కలకు తగిలే దెబ్బల్లో మనం తేలిగ్గా తీసుకునేది కంటి దెబ్బ. కాలు విరిగితే కుంటుతుంది, కనపడుతుంది. కన్ను చెడితే ఒక మూలకు పోయి పడుకుంటుంది. రెండు రోజులు పోయాక చూస్తే కన్ను తెల్లబడి ఉంటుంది. అప్పుడు "పువ్వు పడింది, దాని రాత" అంటాం. రాత కాదు అన్నలారా. చాలాసార్లు మొదటి రోజు సరిగ్గా చూసుకుంటే ఆ కన్ను మిగిలేది.

దెబ్బ ఎట్లా తగులుతుంది?

మొదటిది ముల్లు. మన బీళ్లలో, చెరువు శిఖాల్లో ఎటు చూసినా సర్కారు తుమ్మే. దానికి తోడు నల్ల తుమ్మ, రేగు, బలుసు. కుందేలు వెంటనో, పంది వెంటనో కుక్క తల దూర్చి ఉరికితే ముల్లు కంటికే తగులుతుంది. ఎండిన గడ్డి ముక్కలు, గడ్డి గింజల మొనలు కూడా రెప్ప కిందికి దూరి గుచ్చుకుంటాయి.

రెండోది కొట్లాట. అడవి పంది కోర, ఇంకో కుక్క పన్ను, పిల్లి గోరు. మన ఊళ్లలో పిల్లలు, పెద్దలు విసిరే రాళ్లు, కర్రలు కూడా ఇందులోకే వస్తాయి. రోడ్డు దాటేటప్పుడు బండి తగలడం సరేసరి.

మూడోది మందు. పవర్ స్ప్రేయర్ వెనకాలే కుక్క తిరుగుతుంది. గొర్రెలకు పిడుదుల మందు కొట్టేటప్పుడు పక్కనే నిలబడుతుంది. దొడ్డికి వేసే సున్నం, గిట్టలకు వాడే మైలతుత్తం నీళ్లు చిమ్మి కంట్లో పడతాయి. వీటిలో సున్నం చాలా చెడ్డది. అది కంటి పైపొర మీద ఆగదు, లోపలికి తినుకుంటూ పోతుంది. జిల్లేడు పాలు, జెముడు పాలు పడినా కన్ను దెబ్బతింటుంది.

నాలుగోది మనుషులు పెట్టే నాటు బాంబు. అడవి పందుల కోసం ఎరలో బాంబు పెడతారు. పంది కంటే ముందు దాన్ని కొరికేది కుక్క. దవడ పోతుంది, కళ్లు పోతాయి. దీని గురించి చివర్లో చెబుతాను.

ఎట్లా గుర్తుపట్టాలి?

నల్లగుడ్డు మీద అద్దంలాంటి పొర ఒకటి ఉంటుంది. కుక్కకు దాని మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ పొర మీద గీత పడితే విపరీతమైన నొప్పి. కుక్క ఆ కన్ను సగం మూస్తుంది. నీళ్లు కారుతాయి. ముందు కాలితో రుద్దుకుంటుంది, మొహాన్ని నేలకు రాస్తుంది. ఎండలోకి రావడానికి ఇష్టపడదు. దగ్గరికి పోయి చూస్తే తెల్లగుడ్డు ఎర్రబడి ఉంటుంది, నల్లగుడ్డు మీద నీలంగానో తెల్లగానో మబ్బు కమ్మినట్టు ఉంటుంది. కంటి నుంచి పచ్చటి చీము వస్తున్నా, రెండు కంటి పాపలు ఒకటి పెద్దగా ఒకటి చిన్నగా కనిపిస్తున్నా, కంట్లో నెత్తురు నిలిచినా తెల్లవారే దాకా ఆగే పని కాదు.

ఒక గుర్తు మనసులో పెట్టుకోండి. ఒక్క కన్నే చెడితే ఎక్కువగా ముల్లో, దెబ్బో అయి ఉంటుంది. రెండు కళ్లూ ఒకేసారి ఎర్రబడి, జ్వరం, నీరసం కూడా ఉంటే దెబ్బ కాకపోవచ్చు. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలో, డిస్టెంపర్ అనే జబ్బులో కళ్లు చెడతాయి. దానికి వైద్యం వేరు.

ఇంకో మాట. కుక్కకు ముక్కు వైపు మూల నుంచి మూడో రెప్ప ఒకటి ఉంటుంది. కన్ను నొప్పిగా ఉంటే అది పైకి వచ్చి సగం కంటిని కప్పుతుంది. దాన్ని చూసి "కంట్లో మాంసం పెరిగింది" అని బ్లేడుతో కోసేవాళ్లు ఉన్నారు. ఆ పని చేయొద్దు. అది కంటిని కాపాడటానికి పుట్టిన రెప్ప. దాని వెనకాల ముల్లు ముక్కో, గడ్డి మొనో దాక్కుని ఉండొచ్చు. దాన్ని తిప్పి చూసి తీయాల్సింది డాక్టరు.

మొదటి గంటలో చేయాల్సినవి

ముందు మన చేయి కాపాడుకోవాలి. ఎంత మంచి కుక్కయినా నొప్పిలో కరుస్తుంది. మెత్తటి పాత గుడ్డ పేలికతో మూతి చుట్టూ రెండు చుట్లు చుట్టి, గడ్డం కింద ముడి వేసి, చెవుల వెనక్కి తీసుకుపోయి కట్టాలి. వాంతి చేసుకుంటున్నా, ఊపిరి కష్టంగా తీస్తున్నా మూతి కట్టొద్దు. దానికి బాగా అలవాటైన మనిషే పట్టుకోవాలి. తెలియకుండా ఎగబడుతున్నా, మింగలేక చొంగ కారుస్తున్నా, అరుపు మారినా దాని దగ్గరికి పోవద్దు. అది కంటి జబ్బు కాకపోవచ్చు, పిచ్చి కావచ్చు. కుక్క పళ్లు దిగితే ఆ చోటును సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు దవాఖానకు పోయి టీకా వేయించుకోవాలి. పెంచిన కుక్కే కదా అని ఊరుకోవద్దు.

తర్వాత కన్ను కడగాలి. మెడికల్ షాపులో దొరికే సాదా సెలైన్ మంచిది. అది లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో 9 గ్రాముల ఉప్పు, అంటే సుమారు ఒకటిన్నర టీ చెంచాలు కలిపి వాడండి. ముక్కు వైపు నుంచి బయటి వైపుకు మెల్లగా పోయాలి. దూదితో, గోరుతో, కొంగు మొనతో కంట్లో కెలకొద్దు. పైపైన ఉన్న దుమ్ము, గడ్డి ముక్క నీళ్లతోనే కొట్టుకుపోతుంది.

ముల్లు గుడ్డులో దిగి కనిపిస్తే దాన్ని లాగొద్దు. లాగితే లోపలి నీళ్లు కారిపోయి కన్ను కూలిపోతుంది. ముల్లు అట్లాగే ఉంచి, మీద ఒత్తిడి పడకుండా, రుద్దుకోకుండా చూసి దవాఖానకు తీసుకుపోవాలి.

మందో, సున్నమో, చెట్టు పాలో పడితే సెలైన్ కోసం వెతుకుతూ కూర్చోవద్దు. బోరు నీళ్లయినా సరే, తాగే నీళ్లయినా సరే, 15 నుంచి 20 నిమిషాలు ఆపకుండా పోయాలి. పొడి సున్నం అయితే ముందు మొహం మీది పొడి గుడ్డతో దులిపి ఆ తర్వాత నీళ్లు పోయాలి. ఏ మందు పడిందో ఆ డబ్బా, లేబులు డాక్టరుకు చూపించాలి.

పందితో కొట్లాటలోనో, బండి తగిలో కంటి గుడ్డు బయటికి వచ్చిందనుకోండి. చూడటానికి భయం వేస్తుంది. లోపలికి నొక్కొద్దు. శుభ్రమైన గుడ్డను సెలైన్‌లో తడిపి మీద కప్పి, ఆరిపోకుండా దారి పొడుగునా తడుపుతూ తీసుకుపోవాలి. మన ఊరి కుక్కలకు మూతి పొడవు. వాటి గుడ్డు బయటికి రావాలంటే దెబ్బ చాలా గట్టిగా తగిలి ఉండాలి, కాబట్టి చూపు దక్కడం కష్టం. అయినా తొందరగా పోతే నొప్పి తీసేయొచ్చు, కుక్క ప్రాణం దక్కుతుంది.

అన్నిటిలోనూ ఒక పని మరిచిపోవద్దు: రుద్దుకోకుండా చూడటం. ముల్లు చేసిన గాయం కంటే కుక్క కాలిగోరు చేసే గాయం పెద్దది. పాత ప్లాస్టిక్ బకెట్ తీసుకుని అడుగున తల పట్టేంత రంధ్రం కోసి, అంచుకు గుడ్డ చుట్టి మెడకు కట్టండి. బకెట్ అంచు ముక్కు కొన కంటే రెండు వేళ్లు ముందుకు ఉండాలి. నీళ్లు తాగేటట్టు, తినేటట్టు చూసుకోవాలి.

చేయకూడనివి

ఇక్కడే మన ఊళ్లలో ఎక్కువ నష్టం జరుగుతోంది. కంట్లో ఆకు పసరు పిండుతారు, పాలు పోస్తారు, పొగాకు నమిలి ఉమ్ముతారు, ఉప్పు అద్దుతారు. మంచి ఉద్దేశంతోనే చేస్తారు, మా ఇళ్లలోనూ చేసేవాళ్లు. కానీ పగిలిన పొర మీద ఇవి పడితే చీము పట్టడానికి దారి ఇచ్చినట్టే.

దీని కంటే ప్రమాదమైంది ఇంకొకటుంది. ఇంట్లో ఎవరికో కన్ను ఎర్రబడితే ఇచ్చిన చుక్కల సీసా సగం మిగిలి ఉంటుంది. అది తెచ్చి కుక్కకు వేస్తారు. ఆ చుక్కల్లో చాలావాటిలో డెక్సామెథసోన్, బీటామెథసోన్ లాంటి స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. స్టెరాయిడ్ వేస్తే ఎరుపు గంటల్లో తగ్గుతుంది. మనం సంతోషిస్తాం. కానీ పొర మీద పుండు ఉంటే స్టెరాయిడ్ దాన్ని మాననివ్వదు. పురుగులు పెరగడానికి, పొర కరిగిపోవడానికి దారి చేస్తుంది. కరగడం మొదలైతే ఒకటి రెండు రోజుల్లోనే కంటికి చిల్లు పడొచ్చు.

పోయిన యాసంగి కోతల తర్వాత మా ఊరి పొలాల్లో మంద పెట్టిన ఒక కాపరి అన్న కుక్కకు ఇట్లాగే జరిగింది. రేగు ముల్లు గీసింది. దగ్గరున్న షాపులో అడిగితే చుక్కలు ఇచ్చారు. రెండు రోజులు ఎరుపు తగ్గింది, కుక్క కన్ను తెరిచింది. మూడో రోజు పొద్దున కన్ను మధ్యలో బుడగ లేచినట్టు ఉబ్బింది. పట్నం తీసుకుపోయేసరికి కన్ను తీసేయడం తప్ప దారి లేకపోయింది. ఆ అన్నను నేను తప్పు పట్టను. ఆ సీసా మీద ఉన్నదంతా ఇంగ్లీషు. దగ్గరున్న పశువుల దవాఖానకు తాళం. మంద వదిలిపెట్టి ఆయన ఎక్కడికి పోతాడు? ఈ ప్రశ్న సంఘం వేసుకోవాల్సింది.

అదే విధంగా మన నొప్పి గోలీలు కుక్కకు వేయొద్దు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను చెడగొడతాయి. నొప్పికి ఏం ఇవ్వాలో డాక్టరు చెప్పాలి.

దవాఖానలో ఏం అడగాలి?

ఫ్లోరెసీన్ అని నారింజ రంగు కాగితం పుల్ల ఒకటి ఉంటుంది. తడిపి కంటికి తాకిస్తే, పొర మీద పుండు ఉన్న చోట పచ్చగా మెరుస్తుంది. ఒక నిమిషం పని. పుండు ఉందా లేదా, ఎంత పెద్దదో దీంతో చాలావరకు తేలుతుంది. "సార్, రంగు పరీక్ష చేయండి" అని అడగండి. అడగడం మన హక్కు.

పుండు పైపైన ఉంటే సరైన యాంటీబయాటిక్ చుక్కలతో ఎక్కువ భాగం వారంలోపు మానుతుంది. లోతుగా ఉంటే గంట గంటకూ చుక్కలు వేయాల్సి రావొచ్చు, ఆపరేషన్ కూడా కావాల్సి రావొచ్చు. నొప్పి తగ్గడానికి కంటి పాపను పెద్దది చేసే ఎట్రోపిన్ చుక్కలు కూడా ఇస్తారు. అవి వేసిన కుక్క వెలుతురు చూడలేదు, నీడలో కట్టేయండి. ఆ మందు చేదు. కంటి నుంచి గొంతులోకి దిగితే నోటి నుంచి నురగ కారుతుంది. అది చూసి పిచ్చి పట్టిందని కుక్కను కొట్టి చంపొద్దు.

చుక్కలు వేసేటప్పుడు కుక్కను రెండు మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని, వెనక నుంచి గడ్డం ఎత్తి వేయండి. ఎదురుగా సీసా పట్టుకుని పోతే భయపడుతుంది. సీసా మొన కంటికి తగలొద్దు. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో ఐదు నిమిషాలు ఆగండి. చుక్కలు ముందు, ఆయింట్‌మెంట్ తర్వాత. కన్ను తెరిచింది కదా అని మధ్యలో ఆపొద్దు. డాక్టరు మళ్లీ రంగు పరీక్ష చేసి మానింది అనే దాకా వేయాలి. మంద కదిలే రోజైనా చీటీ, సీసా మీ సంచిలోనే ఉండాలి. కొత్త ఊరిలో డాక్టరుకు చూపించడానికి పనికొస్తుంది.

కన్ను పోతే కుక్క పనికి రాదా?

పనికి వస్తుంది. లోపల చెడిపోయి నొప్పి పెట్టే కన్నును ఉంచడం కంటే తీయించడమే దానికి సుఖం. కుట్లు మానాక తిండి తింటుంది, తోక ఊపుతుంది, మంద వెంట నడుస్తుంది. ఒక కన్ను లేని వైపు నుంచి వచ్చేది దానికి కనపడదు, దూరం అంచనా కూడా తప్పుతుంది. కాబట్టి పందుల మీదికి ఉసిగొల్పొద్దు. రోడ్డు దాటేటప్పుడు తాడు కట్టి పట్టుకోండి. కన్ను లేని వైపు నుంచి ఒక్కసారిగా తాకొద్దు, పేరు పెట్టి పిలిచి తాకండి. పిల్లలకూ ఈ మాట చెప్పండి.

రెండు కళ్లూ పోయినా కుక్కకు ముక్కుంది, చెవులున్నాయి. నీళ్ల తొట్టి, పడుకునే చోటు మార్చకుండా ఉంచితే కొన్ని వారాల్లో అలవాటు పడుతుంది. దొడ్డి దగ్గర కాపలాకు దాని చెవులు చాలు. ఇంకో కుక్కకో, ముందు నడిచే పొట్టేలుకో గంట కట్టండి, ఆ చప్పుడు పట్టుకుని నడుస్తుంది. ఏళ్ల తరబడి మన ఆస్తి కాసిన జీవాన్ని కన్ను పోయిందని ఊరి బయట వదిలేయడం మనుషులు చేసే పని కాదు.

మన చేతిలో ఉన్నవి

సాయంత్రం పిడుదులు తీసేటప్పుడే రెండు కళ్లూ టార్చ్‌తో చూడండి. అర నిమిషం పని. సంచిలో ఒక సెలైన్ సీసా, శుభ్రమైన గుడ్డలు, మూతికి కట్టే పేలిక ఉంచుకోండి. సెలైన్ సీసా ఒకసారి తెరిస్తే మిగిలింది మరో రోజు కంటికి వాడొద్దు. మందు కొట్టే రోజు, సున్నం వేసే రోజు కుక్కను దూరంగా కట్టేయండి. ఏడాదికోసారి పిచ్చి కుక్క టీకా వేయించండి.

నాటు బాంబు గురించి చెబుతానన్నాను. అడవి పందుల వల్ల మనకు జరిగే నష్టం చిన్నది కాదు, దాని మీద సంఘం పోరాడుతూనే ఉంటుంది. కానీ ఎరలో బాంబు పెట్టడం, చేను చుట్టూ కరెంటు తీగ కట్టడం మన పోరాటం కాదు. ఆ బాంబు కాపరి కుక్క నోట్లో పేలుతుంది, ఆ తీగ తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి పోయిన రైతునే పట్టుకుంటుంది. మన సంఘం సభ్యుడెవరూ ఆ పని చేయకూడదు. చేసేవాళ్లను చూస్తూ ఊరుకోకూడదు.

ప్రభుత్వాన్ని అడిగేవి

ఒకటి. 1962 నంబరుకు ఫోన్ చేస్తే వచ్చే సంచార పశువైద్య వాహనం మంద దగ్గరికి వచ్చినప్పుడు, ఆ మందను కాసే కుక్కకూ వైద్యం చేయాలి. గొర్రె పశుసంపద అయినప్పుడు దాన్ని కాసే కుక్క ఎట్లా కాకుండా పోతుంది?

రెండు. ప్రతి పశువుల దవాఖానలో, ప్రతి సంచార వాహనంలో ఫ్లోరెసీన్ కాగితాలు, స్టెరాయిడ్ లేని కంటి చుక్కలు, సెలైన్ ఉండాలి.

మూడు. గోపాలమిత్రలకు, కాపరుల సంఘాల్లో చదువుకున్న యువకులకు కంటి దెబ్బల ప్రథమ చికిత్సలో శిక్షణ ఇవ్వాలి. మందులు ఏవి వాడొచ్చో, ఏవి వాడకూడదో తెలుగులో రాసిన పట్టిక ప్రతి పంచాయతీలో అతికించాలి.

నాలుగు. వలస మందలు ఆగే ఊళ్లలో, ఆగే నెలల్లో పిచ్చి కుక్క టీకా శిబిరాలు పెట్టాలి. ఇది కుక్కల కోసమే కాదు, మన పిల్లల కోసం.

ఐదు. గొర్రెల బీమాలో, అడవి జంతువుల దాడి పరిహారంలో మంద కాపలా కుక్కకూ చోటు ఇవ్వాలి.

ఈ ఐదూ పెద్ద ఖర్చున్న కోరికలు కావు. మండలానికి ఒక వినతిపత్రం రాద్దాం. పశువైద్యాధికారి దగ్గరికి మనం, కాపరులు కలిసి పోదాం. మన మండలంలో ఎన్ని మందలు ఆగుతాయో, ఎన్ని కుక్కలున్నాయో, ఈ ఏడాది ఎన్నింటికి కళ్లు చెడ్డాయో ఊరూరా రాసుకుందాం. లెక్క చేతిలో ఉంటే మన మాటకు బరువు ఉంటుంది. ఇవాళ సభ అయ్యాక వెళ్లిపోకుండా, తలుపు దగ్గర కాగితం పట్టుకుని కూర్చున్న తమ్ముళ్ల దగ్గర మీ ఊరి పేరు, మీ మంద వివరం రాయించి వెళ్లండి.